అది తుపాకి కాదమ్మా

కుప్పం,
4 మార్చి 2001.

అమ్మకు, నీ కొడుకు మునికృష్ణ మొక్కి రాసే సంగతులు. ఇక్కడ నేనూ, అంబికా, పాపా బాగున్నాము. పాపకు పోయిన వారం జలుబు చేసి తగ్గింది. మదనపల్లెలో నువ్వూ, ఇందక్కా, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది.

తెల్లారకముందే మార్కెట్టుకు పోయి టమోటాలు ఏరుతున్నావని అక్క రాసింది. ఏరడం వరకూ సరే, బుట్టలెత్తే పనికి మాత్రం పోవద్దు. నీ నడుముకు అది పడదు. నువ్వు పంపిన ఉలవల మూట అందింది. అందులో సగం చారు కాచుకున్నాము. మిగతా సగం ఏ పనికి వాడుతున్నానో చెబితే నవ్వుతావు, కొంచెం ఆగి చెబుతాను.

ముందు నీ భయం తీర్చాలి. పలమనేరు బస్టాండులో బావ నన్ను చూశాడనీ, వీపున పొడుగాటి పచ్చ సంచి ఉందనీ, అది తుపాకేనని ఇంట్లో చెప్పాడనీ రాయించావు. ఆ రాత్రి నీకు నిద్ర పట్టలేదని కూడా రాసింది అక్క. అది తుపాకి కాదమ్మా. దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించే గొట్టం. స్పాటింగ్ స్కోప్ అంటారు. రెండు కళ్ళకూ పెట్టుకునే బైనాక్యులర్ లాంటిది కాదు, ఒక కన్నే పెట్టాలి. కానీ చూపు చాలా దూరం పోతుంది.

ఏనుగుల దగ్గరకు పోతున్నావా అని కూడా అడిగావు. జనవరి దాకా పోయేవాణ్ణి. ఈ గొట్టం వచ్చాక పోవడం లేదు. మా రేంజర్ భానుప్రకాశ్ సార్ దీన్ని తెప్పించింది అందుకే. నాలాంటి అడవి వాచర్లు ఏనుగులకు మరీ దగ్గరగా పోతున్నారని ఆయనకు దిగులు. "మోసేది నువ్వు కృష్ణా, కాబట్టి ఎంచుకునేది కూడా నువ్వే," అని చీటీ రాసిచ్చి నన్నే బెంగుళూరుకు పంపాడు.

అక్కడ ఇట్లాంటి గొట్టాలమ్మే అంగడి యజమాని హరినాథ్ అనే పెద్దమనిషి. ఊరు మదనపల్లె పక్కనే. మన మాట వినగానే కుర్చీ వేశాడు. మూడు గొట్టాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, కాళ్ళ స్టాండుతో కలిపి చంటిబిడ్డంత బరువుంది. ఒకటి గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్నది. మూడోది ఆ రెండింటికీ నడుమ, మోచేయి నుంచి మణికట్టు దాకా ఉంటుంది.

"వీపున సంచి కట్టుకోని నాలుగైదు దినాలు కొండల్లోనే తిరిగి వేటాడేవాళ్ళ కోసం పరదేశాల్లో చేసిందప్పా ఇది," అన్నాడు మూడోదాన్ని చూపించి. "దూరం నుంచే జంతువును సూసి, కొమ్ములు లెక్కపెట్టుకోని, కొట్టాల్నా వద్దా అని తేల్చుకుంటారు."

"నేను కొట్టేది లేదన్నా, సూసేదే."

"కొట్టేవాడికన్నా నీకే మంచిది కావాల అయితే. ఎంత దూరం కనిపిస్తాదని అందురూ అడగతారు. సాయంకాలం ఆరుకు ఏం కనిపిస్తాదని ఎవురూ అడగరు. నీ ఏనుగులు బయటికొచ్చేది ఎప్పుడు?"

"పొద్దు వాలేటప్పుడు."

"పొద్దు వాలేదాకా ఉండు మరి."

ఉన్నాను. సాయంత్రం మిద్దె మీదికి తీసుకుపోయి, నాలుగు వీధుల అవతల ఉన్న మందుల అంగడి బోర్డు చదవమన్నాడు. వెలుగు తగ్గేకొద్దీ చిన్న గొట్టంలో అక్షరాలు ముందుగా మాసిపోయాయి. నడిమిదానిలో ఇంకా చాలాసేపు నిలిచాయి. పెద్దదానిలో దీపాలు పెట్టే వేళకు కూడా చదవగలిగాను. నాకు పెద్దదే కావాలనిపించింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని స్టాండుతో సహా సంచిలో పెట్టి నా వీపుకు తగిలించి, మెట్లు మూడుసార్లు దిగి ఎక్కమన్నాడు. మూడోసారికి నా మోకాళ్ళే జవాబు చెప్పాయి. నడిమిదాన్నే తెచ్చుకున్నాను. వచ్చేటప్పుడు ఇంకొక మాట చెప్పాడు. "పిడి తిప్పితే ఇంకా పెద్దగా కనిపిస్తాది. అట్లని ఎప్పుడూ తిప్పొద్దు. పెద్దదయ్యేకొద్దీ మసకబారతాది. ఎండలో రాయి మీద సెగ లేస్తాంటే కొండే ఎగురుతాంటాది. తక్కువలో పెట్టుకోని ఎక్కువసేపు సూడు."

ఆ మాట నిజమని కొండ మీద తెలిసింది. స్టాండుకు బదులు గుడ్డ సంచిలో ఉలవలు పోసి, దాని మీద గొట్టం ఆనించి, బండ మీద బోర్లా పడుకుంటాను. మెత్తగా ఉంటుంది, గాలికి కదలదు. నీ ఉలవల్లో సగం చేస్తున్న పని అదే.

మొదటి రోజు సాయంత్రం చూసింది నీకు సరిగా రాయగలనో లేదో. పదమూడేళ్ళుగా నేను ఏనుగుల వెనక తిరుగుతున్నాను. లోయకు అవతల కొండవాలు మీద మంద దిగుతోంది. ఉత్త కంటికి చెదపురుగుల్లా ఉన్నాయి. గొట్టంలో కన్ను పెట్టాను. ముందు నడుస్తున్న ముసలి ఏనుగు నుదుటి మీద గుంటలు, చెవుల అంచున పాలిపోయిన మచ్చలు, కణతల మీద మట్టి చారలు, అన్నీ మన వాకిట్లో నిలబడినట్టు కనిపించాయి. అది ఆగి తొండం ఎత్తి గాలి వాసన చూసింది. వెనకనున్నవన్నీ ఆగాయి. దాని కడుపు కింది నుంచి ఒక పిల్ల తొంగి చూసింది. ఒంటి మీద ఎర్రటి వెంట్రుకలు సాయంకాలపు ఎండకు మెరుస్తున్నాయి. ఇంతకాలం నేను చూసింది ఏనుగుల్ని కాదు, వాటి నుంచి పారిపోయే దారుల్ని. మనిషి ఉన్నాడన్న సంగతి తెలియని ఏనుగు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. వెలుగు పోయేదాకా లేవలేకపోయాను. చెయ్యి తిమ్మిరెక్కింది.

ఇక నీ చివరి ప్రశ్న. కృష్ణను పనిలోంచి తీసేశారని కుప్పం వాళ్ళెవరో మార్కెట్టులో చెప్పారనీ, నిజమేనా అనీ అడిగావు. ఇంత రాసిందీ ఆ ప్రశ్నను దాటెయ్యడానికే కాబోలు. నువ్వు తప్ప ఇంకెవరు అడిగినా దాటేసేవాణ్ణే.

డిసెంబరులో కొండ కింది పల్లెలో నారప్ప అనే రైతును ఏనుగు చంపింది. రాగి చేనికి కావలి ఉన్నాడు. తెల్లవారుజామున అరుపు వినబడి నేను పరుగెత్తాను. మంచు దట్టంగా ఉంది. చేని గట్టు మీద అతను పడి ఉన్నాడు. చెట్లలోకి పోతున్న ఒక వీపు కనబడింది, అంతే. ఊరంతా చేరారు. చెవి చిరిగిన ఒంటరి మగ ఏనుగు అక్కడ ఒకటుంది, పంటలు పాడు చేస్తోందని అందరికీ దాని మీద కోపం. అదే చంపిందన్నారు. సార్ వచ్చి నన్ను పక్కకు పిలిచి, "నువ్వు సూసినావా కృష్ణా?" అని అడిగాడు. చుట్టూ వందమంది ఉన్నారు. పదమూడేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, అందరికంటే ముందు చేరినవాణ్ణి, చూడలేదని ఎలా చెప్పను? "సూసినాను సార్, చెవి చిరిగినదే," అన్నాను. వాంగ్మూలం రాసుకుని నా సంతకం తీసుకున్నారు.

నేను చూడలేదమ్మా.

ఆ సంతకం మీదే దాన్ని పట్టి, గొలుసులు వేసి, ఏనుగుల క్యాంపుకు తోలాలని ఏర్పాట్లు మొదలయ్యాయి. లొంగకపోతే కాల్చడానికి కూడా అనుమతి అడిగారు. గొట్టంతో నా మొదటి పని దాని జాడ కనిపెట్టి పెట్టడమే. నాలుగు రోజులు వెతికాను. అయిదోనాడు పొద్దున, వాగుకు అవతల బోదగడ్డిలో నిలబడి కనిపించింది. గడ్డి కడుపు దాకా ఉంది. చాలాసేపు కదల్లేదు. ఇంత పెద్ద మగ ఏనుగు ఎందుకు ఇలా ఒకేచోట నిలబడిందా అని చూస్తూనే ఉన్నాను. పదకొండు గంటలప్పుడు నీళ్ళ కోసం ఇసుకలోకి వచ్చింది. వెనక ఎడమకాలు నేలకు ఆనించడం లేదు. మడమకు పైన ఇనుప తీగ ఉచ్చు బిగుసుకుని, దాని మీదికి చర్మం పెరిగిపోయి, కాలు కుండలా వాచింది. అడవి పందులకు ఎవరో పెట్టిన ఉచ్చు. అది నెలల కిందటి గాయం, డిసెంబరుకు ముందుదే. మూడు కాళ్ళ మీద కుంటుతూ, ఆ నాలుగోదాన్ని ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చి నీళ్ళు తాగింది.

సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. నారప్ప చేనిలో తడి మట్టి మీద అడుగులు నేనే తాడుతో కొలిచాను. నాలుగు అడుగులూ నిండుగా, లోతుగా పడి ఉన్నాయి. ఈడ్చిన గీత ఒక్కటి లేదు. నా నోటు పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. రాసుకుని కూడా ఆలోచించలేదు.

నాన్న పుంగనూరు కొండల్లో వేట మానేసిన సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొదలో పంది కదిలిందనుకుని కాలిస్తే, పడింది సరోజమ్మ వాళ్ళ పాలిచ్చే ఆవు. ఆ తుపాకిని విరిచి పొయ్యిలో పెట్టాక నాతో ఒకే మాట అన్నాడు. "సూసినాననే అనుకున్నాను కిష్టా." బండ మీద పడుకుని ఆ మాటే వింటూ ఉండిపోయాను.

కొండ దిగి ఆఫీసుకు పోవాల్సింది, నారప్ప ఇంటికి పోయాను. అతని భార్య వెంకటరత్నమ్మ వాకిట్లో శనక్కాయలు వలుస్తోంది. వీపున సంచి దించకుండానే చెప్పేశాను.

"అక్కా, మీ ఆయన్ను సంపింది యా ఏనుగో నాకు తెలీదు. సూసినానని అబద్ధం చెప్పినాను."

ఆమె చేతులు ఆగాయి.

"యాల చెప్పినావు?"

"తెలీదని చెప్పేదానికి సిగ్గుపడినానక్కా."

"ఈ మూణ్ణెల్లూ ఎంతమందో వచ్చినారు. అందురూ నాకు తెలుసు, నాకు తెలుసు అన్నోళ్ళే. తెలీదని చెప్పేదానికి వచ్చినోడివి నువ్వొకడివే. పో, ఆఫీసులో కూడా చెప్పు," అంది.

చెప్పాను. భానుప్రకాశ్ సార్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నీ సంతకం మీద నేను సంతకం పెట్టినాను కృష్ణా," అన్నాడు. కొత్త వాంగ్మూలం రాయించుకుని, నన్ను ఏనుగుల పని నుంచి తప్పించి, నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే పనిలో పెట్టాడు. గొట్టం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నువ్వు విన్నది అదే. పని పోలేదు, మారింది. అది న్యాయమేనని నాకూ తెలుసు. అంబికకు కూడా పది రోజులు చెప్పలేదు. తను అడగకుండానే ఊహించింది.

అయితే పట్టే ఏర్పాటు ఆగిపోయింది. దానికి బదులు కాలి ఉచ్చు తీయడానికి డాక్టర్లను పిలిపించారు. మొన్న శుక్రవారం సార్ బీరువాలోంచి గొట్టం తీసుకుని, నర్సరీకి తానే జీపులో వచ్చాడు. ఆ ఏనుగును ఎక్కడ వెతకాలో తెలిసినవాడు ఇంకొకడు లేడు. దారిలో వెంకటరత్నమ్మ జీపుకు అడ్డం నిలబడింది. "నేనూ వస్తాను. దాన్ని సూడాల," అంది. సార్ కాదనలేదు.

నేనూ, ఆమే బండ మీద ఉన్నాము. మిగతావాళ్ళు వాగు దగ్గర. మత్తుసూది తగిలాక అది ఇరవై అడుగులు నడిచి, పక్కకు ఒరిగి, మెల్లగా పడుకుంది. కొండచరియ కూర్చున్నట్టు ఉంది. మనుషులు దాని పక్కన ఎంత చిన్నగా ఉన్నారో చెప్పలేను. తీగ కోసి, చీము కడిగి, మందు పెట్టి, విరుగుడు సూది వేసి అందరూ వెనక్కి వచ్చేశారు. అప్పుడు గొట్టం వెంకటరత్నమ్మకు ఇచ్చాను. కొంగుతో అద్దం తుడవబోతే వద్దని, ఎలా చూడాలో చెప్పాను. కన్ను పెట్టగానే ఒక్కసారి వెనక్కి జరిగింది, అది మీదికొచ్చినట్టు. మళ్ళీ పెట్టింది.

"దాని కంట్లో నీళ్ళు కారతాండాయి," అంది.

"ఏనుగు కంట్లో ఎప్పుడూ తడి ఉంటాదక్కా."

"మూణ్ణెల్లు దీన్నే తిట్టుకుంటా అన్నం తిన్నాను. ఇంక ఎవుర్ని తిట్టుకోవాల నేను?"

"నన్ను తిట్టక్కా," అన్నాను.

ఆమె గొట్టాన్ని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. కన్ను తియ్యలేదు. కింద వాగులో అది ముందుకాళ్ళ మీద లేచింది, తూలింది, చెట్టుకు ఒరిగి నిలబడింది. నాకు ఉత్త కంటికి బూడిద రంగు మచ్చ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆమె ముఖమే చూస్తున్నాను. పెదవులు బిగించి, ఊపిరి పట్టి, చేత్తో ఉలవల మూటను గట్టిగా అదిమిపట్టింది. చాలాసేపటికి ఆమె భుజాలు వదులయ్యాయి.

"కాలు ఊనింది," అంది మెల్లగా. "సూడు కిష్టప్పా, కాలు ఊనింది."

ఇట్లు,
నీ బిడ్డ
మునికృష్ణ