ఉతికిన చీరముక్కలు

బీదర్, మంగళవారం, 1969

పనికెళ్తూ తల్లులు నా దగ్గర వదిలే ఐదుగురు పిల్లలూ మధ్యాహ్నం వాళ్ల అమ్మల పాత చీరముక్కలు పట్టుకునే నిద్రపోతారు. మురికిగా ఉన్నాయని పొద్దున్నే అన్నీ సబ్బుతో ఉతికేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక్కరూ కన్ను మూయలేదు. మూడేళ్ల లచ్చి తన ముక్కను వాసన చూసి, "దీంట్ల అమ్మ లేదు" అని విసిరేసింది. ఏడ్చి ఏడ్చి, చివరికి నా కొంగు పట్టుకుని పడుకుంది.

సాయంత్రం ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన వాళ్లమ్మ కాశమ్మ, లచ్చి ఇంకా నా కొంగు వదలకపోవడం చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"నన్ను మర్శిపోతదేమో అక్కా."

ఉతికిన ముక్క ఆమె చేతిలో పెట్టాను. "ఈ రాత్రి నువ్వు కప్పుకోని పండుకో. పొద్దుగాల తీస్కరా."

మిగతా తల్లులకూ అలాగే ఇచ్చి పంపాను.

లచ్చి పట్టుకున్న నా చీర మాత్రం ఉతకబుద్ధి కావడం లేదు.