ఒక్క ఉడతనీ కొట్టని ఆరిన్

నా పిచ్చుకా,

ఈ ఏడు నేల ఉడతలు బొరియలు తవ్వి మన గడ్డి పొలాన్ని జల్లెడ చేసేశాయి. పోయిన నెల మేబెల్ కాలు బొరియలో దిగబడింది. ముసలి గుర్రం, కాలు విరిగితే ఇంకేముంది, కాల్చెయ్యడమే. అందుకని మీ అన్న క్లే రైఫిల్ అటక మీంచి దింపాను. వాడు పోయాక దాన్ని ముట్టుకోవడం ఇదే. తుడిచాను, ఏడ్చాను, మళ్ళీ తుడిచాను. పేల్చడానికి మాత్రం చెయ్యి రాలేదు.

కంచె అవతలి ఆరిన్ "ఉడతల పని నేను చూస్తాలెండి" అని ఆదివారం ఆదివారం వచ్చి ఆ రైఫిలే పేలుస్తున్నాడు. ఈ చిన్న తూటా రైఫిల్ ఎంత బుద్ధిమంతురాలో! భుజాన్ని తన్నదు. కోళ్ళు కూడా బెదరవు.

ప్రేమతో, అమ్మ

తా.క. ఉడత ఒక్కటీ చావలేదు. బకెట్ ఒకటి చచ్చింది.

---

అమ్మా,

ఆ చిన్న తూటాకి గాలి పడదని అన్నయ్య అనేవాడు కాదూ? కాస్త గట్టిగా వీస్తే పక్కకి కొట్టుకుపోతుంది. మాంటానాలో గాలి లేని రోజేది? కంచెకి గుడ్డపీలిక కట్టి, గాలి ఎటో చూసుకోమను. వరసగా పేలిస్తే గొట్టం వేడెక్కి గురి చెడుతుంది, చల్లారనివ్వమను.

నీ పిచ్చుక

తా.క. వచ్చినప్పుడల్లా ఆయనకేం పెడుతున్నావు?

---

పిచ్చుకా,

పీలిక కట్టాను. ఆరిన్ దాన్ని చూశాడు, తల ఊపాడు, గురిచూసి పీలికనే కొట్టాడు. గొట్టం చల్లారాలన్నావు కదా, తూటాకో కాఫీ అవుతోంది. మధ్యాహ్నం వచ్చినవాడు పొద్దుగూకాక వెళ్ళాడు. క్లేకి తుపాకి పట్టడం నేర్పింది ఆయనేగా, వాడి చిన్నప్పటి అల్లర్లన్నీ చెప్పాడు. చాలా రోజులకి నవ్వాను.

అమ్మ

తా.క. పెట్టింది చెర్రీ పళ్ళు కూరి కాల్చిన పై. ఉడతలు గడ్డి తింటున్నాయి, ఆయన చెర్రీ పై తింటున్నాడు, మేబెల్ నా మొహం చూస్తోంది.

---

అమ్మా,

పీలికని కొట్టాడా! ఆయనకి చూపు లేదే! చూపు లేని మనిషికి తుపాకి ఇచ్చి పక్కన కూర్చున్నావా? మా ఆస్పత్రిలో కళ్ళ డాక్టరుతో మాట్లాడాను, గురువారం ఆయన్ని తీసుకురా. ఈలోగా రైఫిల్ లాక్కుని దాచెయ్యి. ఇంక ఆదివారాలు రావద్దని చెప్పెయ్యి.

కంగారుతో, నీ పిచ్చుక

తా.క. బకెట్ చచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?

---

పిచ్చుకా,

నీ మాట ప్రకారం రైఫిల్ అడుగుదామని వసారాలోకి వచ్చాను. అప్పుడే పొలం ఆ చివర్న నక్క ఒకటి కోళ్ళ వైపు పాకుతోంది. ఆరిన్ కాఫీ కింద పెట్టాడు, లేచాడు, అంత గాలిలో ఒక్కటే తూటా. నక్క పడింది.

నేను ఆయన్ని చూశాను. ఆయన బూట్లు చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఇన్నాళ్ళూ?" అన్నాను.

"ఉడతలు అయిపోతే ఏం చెప్పుకుని రమ్మంటారు, ఆర్విల్లా?" అన్నాడు, నన్ను పేరు పెట్టి.

నిజమే కదే. మన వైపు చేతిలో పని లేకుండా ఎవరూ ఎవరి గడపా తొక్కరు. క్లే పోయినప్పుడు కూడా జనం వచ్చి, కంచె బాగుచేసి, ఏడుపు దిగమింగుకుని వెళ్ళారు.

"మేబెల్ కాలు విరిగి ఉంటే?" అని కసిరాను.

"అది నడిచే దారిలో బొరియలు రోజూ పూడుస్తున్నానండీ, మీరు లేవకముందే."

రైఫిల్ అందుకున్నాను. క్లే బుగ్గ ఆనించే చోట నా బుగ్గ ఆనించి పేల్చాను. ఉడత పడింది. కళ్ళు తుడుచుకున్నాను.

"ఈ పని ఇంక నాది. మీరు ఊరికే రండి" అన్నాను.

"ఊరికేనా?" అన్నాడు, అలాంటి మాట పుట్టి బుద్ధెరిగి విననట్టు.

"ఊరికే."

చల్లార్చడానికి గొట్టమేమీ లేకపోయినా ఇంకో కాఫీ తాగాడు.

అమ్మ

తా.క. గురువారం వస్తున్నాం. కళ్ళు చూపించుకోవాల్సింది నేనే, ఎదురుగా ఉన్నది ఇన్నాళ్ళూ కనబడలేదు. డ్యూటీ ఉందని తిండి మానెయ్యకు తల్లీ, వేళకి కడుపునిండా తిను.