ద్రాక్షపాదు మీద నీ వల

మావా,

గరాచర్మలో మన ఇంటి పెరట్లో నువ్వు పెట్టిన ద్రాక్షపాదు ఈ ఏడు కాసింది.

వానల్లో ఆకుల మీద పసుపు మచ్చలొచ్చి, అడుగున తెల్లటి బూజు పట్టింది. మొక్కలమ్మే భయ్యా చూసి, "ఆకులకి హవా ఆడట్లేదు దీదీ, ఈ వల పందిరి తీసెయ్" అన్నాడు. నువ్వు పోయేముందు అల్లిన ఆఖరి వల అది. నాకు ఒళ్లు మండింది.

అయినా మర్నాడు వలలో ఒక్క కన్నూ తెగకుండా నేనే విప్పాను. పాదుని ఇనప తీగల మీద పలచగా పాకించి, బూజు ఆకులు తుంచి తగలబెట్టి, మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టాను.

వానలు తగ్గి పళ్లు రంగు తిరిగాక, మైనాలు వాలకుండా మళ్లీ నీ వలే కప్పాను.

పళ్లు పులుపే. నువ్వయితే ఉప్పూ కారం అద్దుకుని బాగున్నాయనేవాడివి. నేనూ అలాగే తిన్నాను.

బాగున్నాయి మావా.