చివరి రీలు రాని బొమ్మ

మార్చి 4

ఉద్యోగం రాలేదు. గుడారం వచ్చింది. సంత మైదానంలో గుంజలు పాతుతున్నారు. అదే టూరింగ్ టాకీసు, అవే మాసికలు, మాసికల మీద కొత్త మాసికలు. బి.ఏ. పట్టా పుచ్చుకున్న యువకుడు గుంజలు పాతేచోట పనిలేక నిలబడటం మార్కాపురానికి శోభ కాదు. నిలబడ్డాను.

మార్చి 5

తిన్నది ఇంట్లో, పెరిగింది ఆ గుడారంలో. నేల టిక్కెట్టు. తేళ్ళ భయానికి, కూర్చోవడానికి ఎవరి పలకరాయి బండ వాళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళడం మా ఊరి మర్యాద. ముందువాడి తల అడ్డమైతే బండ కింద ఇసుక పోసుకోవడం... వాడూ పోసుకోవడం... ఇంటర్వెల్‌కల్లా నేల తరగతి బెంచీ తరగతికంటే ఎత్తులో ఉండేది. ఒకటే మిషను — రీలు మార్చినప్పుడల్లా లైటు వేస్తారు. ఆడవాళ్ళవైపు తడిక మీదుగా మేనత్త గొంతు — "అబ్బయ్యా, నిద్రపోతాండావా?" ఏడుపొచ్చే ఘట్టాలన్నీ నిద్ర నటిస్తూ చూశాను.

మార్చి 8

ఎద్దుబండి, డప్పు, రంగు కాగితాలు. మొదటి బొమ్మ పాతదే, చిన్నప్పుడు ఇదే గుడారంలో చూసిందే. భర్త ఇంకొకామె కోసం వెళ్ళిపోతాడు. ఏళ్ళకు తిరిగొచ్చి గడప ముందు నిలబడతాడు. ఇల్లాలు చూస్తుంది. తలుపు మూస్తుంది. శుభం. చిన్నప్పటి ఆ రాత్రి ఊరంతా బండలు చంకన పెట్టుకుని ఇళ్ళకు నడిచింది.

బండి మీదివాడు మెగాఫోనులో — "ఈసారి చివరి రీలుతో సహా..."

ఈసారి?

మార్చి 9

మేనేజరు దగ్గర విచారణ జరిపాను. అప్పట్లో చివరి రీలు పెట్టె రైల్లో ఎటో పోయిందట. తలుపు మూసినచోట ఆపి, తమ దగ్గరున్న శుభం స్లైడు వేసేశారట. "ఎవరైనా అడిగారా బాబూ? బాగుందనే వెళ్ళారు."

కర్నూలు హాస్టల్లో రూమ్మేటుకూ నాకూ ఈ బొమ్మ మీదే మాటలు ఆగిపోయాయి. వాళ్ళ ఊళ్ళో చూసి, ఆమె తలుపు తీసిందని వాడు. తీయలేదని నేను. రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదు పోయినప్పుడు కూడా నేనింత నష్టపోలేదు.

మార్చి 10

నవ్వడానికి వీల్లేని సంగతి ఒకటి ఉంది. అత్త.

నాయన చెల్లెలు. పక్క వాటాలో రెండు గేదెలతో ఉంటుంది. మామ గిద్దలూరు వైపు అడవిలో కలప పనికి పోయి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. బొమ్మ ఆడిన ఏడే ఒకసారి తిరిగొచ్చి గడప ముందు నిలబడ్డాడు. అత్త చూసింది. తలుపు మూసింది. బుద్ధి చెప్పవచ్చిన వాళ్ళందరికీ ఒకటే జవాబు — "బొమ్మలో ఆయమ్మ మూయలా? ఆమెకు లేని సిగ్గు నాకేంది?" ఊరంతా టిక్కెట్టు కొని చూసిన సాక్ష్యం మరి.

మార్చి 11

ఇది చాలదన్నట్టు గిద్దలూరు నుంచి మామ తమ్ముడు వచ్చాడు. నాయనతో — "మా అన్న వచ్చేస్తానంటాండాడు బావా. అక్కడి ఆయమ్మ చనిపోయింది గదా. ఒక్కడే వండుకోలేక..."

అత్త పేడ ఎత్తుతూ — "గిద్దలూరులో హోటలు లేదా?"

నాయన అందుకుని — "సుబ్బులూ, కాస్త ఆలోచించు."

"నువ్వు ఆలోచించు అన్నా. నాకు గేదెలుండాయి."

మార్చి 12

అత్త బండ కడిగి ఎండబెట్టింది. సినిమాకు వస్తుందట. నాయన నన్ను పక్కకు పిలిచి — "పోనీరా. చివరి రీలు చూస్తే మనసు మారుతుందేమో." సినిమాలు మనుషుల్ని చెడగొడతాయని చెప్పి నన్ను పెంచిన మనిషి.

మార్చి 13

మొదటి ఆట. అదే ఇసుక, అదే కిరసనాయిలు వాసన. బొమ్మ మాత్రం చిన్నదైపోయింది... లేక నేను కూర్చున్న ఇసుక ఎత్తు పెరిగిందో.

భర్త వచ్చాడు. ఇల్లాలు తలుపు మూసింది. రీలు అయింది. లైటు. ఆపరేటరు చివరి రీలు ఎక్కిస్తున్నాడు. తడిక అవతల అత్త లేచింది, బండ చంకన పెట్టుకుంది. "మన బొమ్మ అయిపోయింది. పదండి."

ముందు ఇద్దరు ముసలమ్మలు లేచారు. తర్వాత నేల తరగతిలో సగం, బండలతో సహా. మేనేజరు దారికి అడ్డంగా చేతులు చాపి — "ఇంకా ఉందమ్మా, ఇంకా ఉంది."

"ఉండనీ నాయనా. మేము అప్పుడే చూసేసినాం."

నేను లేవలేదు. చివరి రీలు ఇదీ — ఇల్లాలు మొదట కిటికీలోంచి చెంబుతో నీళ్ళిస్తుంది. అతను కాళ్ళు కడుక్కుంటాడు. ఒక పాట. పాటయ్యాక తలుపు తీస్తుంది. శుభం, కంపెనీవాళ్ళ అసలు శుభం. మా స్లైడే బాగుండేది.

మార్చి 14

పాలకు వెళ్తే అత్త — "నువ్వు కూర్చున్నావంట గదా."

"ఊ."

"చెప్పొద్దు."

చెప్పలేదు. చెప్పబోయిన వాళ్ళకు పాలు పోయనందట. ఊరు నోరు మూసుకుంది. కాఫీ అందరికీ కావాలి.

మార్చి 16

మామ వచ్చాడు. రేకు పెట్టె, గొడుగు. జుట్టు నెరిసింది. అత్త వాటా ముందు అరుగు మీద కూర్చున్నాడు. తలుపు వేసే ఉంది. నాయన లోపలికి రమ్మంటే — "ఇక్కడే బాగుంది బావా."

మార్చి 17

అరుగు మీదే. అన్నం మా ఇంటి నుంచి. అత్త పెరటి దారిన పాలు పోసి వస్తోంది.

ఎదురుగా చింతాకంత నీడలో ఒకాయన బండ తెచ్చుకుని కూర్చున్నాడు.

మార్చి 18

బండలు పెరిగాయి.

మార్చి 19

మిట్టమధ్యాహ్నం. కిటికీ తెరుచుకుంది. గాజుల చెయ్యి. చెంబు. మామ అందుకున్నాడు. తాగాలో, కాళ్ళు కడుక్కోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

చివరి రీలు అత్త చూడలేదు. నేను చెప్పలేదు.

కిటికీ మూసుకుంది. బొమ్మలో అయితే ఇక్కడ పాట. ఇక్కడ గేదె అరిచింది, నాయన దగ్గాడు. తలుపు వేసే ఉంది.

బండల మీద వాళ్ళెవరూ లేవడం లేదు. నేనూ.