మబ్బుకు వల

తిజ్గీ కొండ ఊరు

అల్లా చల్లగా చూసే ఇద్దర్ బాబుకి తూదా అవ్వ దీవెనలు. నేను చెబుతుంటే పంతులుగారు రాస్తున్నారు.

మీ సహాయ సంఘం పంపిన బడిసంచులు అందాయి. ఆడపిల్లలు వాటిలో కూజాలు పెట్టుకుని బావికి పోతున్నారు. కొండ దిగి ఎక్కేసరికి బడి అయిపోతుంది. సంచులు చాలుగానీ, ఒక వల పంపు నాయనా. పొద్దున్నే మబ్బు మా గడపల్లో గొర్రెలా వచ్చి కూర్చుంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు.

తా.క.: సంచి మీది ఏనుగు బొమ్మకు మా గాడిద బెదిరింది.

అగదీర్

తూదా అవ్వగారికి సలాములు.

మబ్బును పట్టాలన్న మీ సామెత మా సంఘం పెద్దాయనకు తెగ నచ్చి గోడ మీద రాయించారు. ఇక్కడి రేవు నుంచి మంచి వలలు పంపుతున్నాం.

విధేయుడు, ఇద్దర్

తా.క.: మీ ఊళ్లో చేపల చెరువుందని మాకు తెలియదు.

తిజ్గీ

ఇద్దర్ బాబుకి,

చెరువుంటే నీకెందుకు రాస్తాను? అది సామెత కాదు. వలలు కొండనెత్తిన కట్టాం. వల కన్నులు పెద్దవి, మబ్బు దూరిపోయింది. రెండు మేకలు మాత్రం చిక్కాయి. ఇంకా బడికి రాకపోతే మా మనవరాలు ఇజ్జా పేరు తీసేస్తారట. అది అన్నం ముట్టడం లేదు. ఒకసారి వచ్చి చూడు.

తూదా

తా.క.: మేకల్లో ఒకటి మా ఊరిది కాదు. మీదా?

అగదీర్

అవ్వా,

తిరిగొచ్చినా నేనింకా మీ కొండ మీదే ఉన్నట్టుంది. ఆ తెల్లదనంలో నా చెయ్యి నాకే కనబడలేదు. కూజాలతో పిల్లలెవరో పాడుకుంటూ పక్కనుంచే పోయారు, పాట తప్ప మనుషులు కనబడలేదు. గడ్డం పిండుకుంటే నీళ్లు కారాయి. అప్పుడు అర్థమైంది. సన్నకన్ను వలలు, గొట్టాలు, తొట్టి వస్తున్నాయి. ఇజ్జా పేరు ఉంచమని బడివాళ్లకు చెప్పాను.

మీ ఇద్దర్

తా.క.: ఆ మేక తనదేనని మా డ్రైవరు అంటున్నాడు. ఇవ్వకండి.

తిజ్గీ

నాయనా ఇద్దర్,

మబ్బు వలకు ఆనుకుని చుక్కచుక్కగా కరుగుతుంటే ఊరంతా కలలో నడిచినట్టు నడుస్తోంది. నీళ్లు గుమ్మంలోకే వచ్చాయి. ఇజ్జా బడిలో ముందు వరసలో కూర్చుంటోంది.

చిక్కల్లా మాకే. మా కబుర్లన్నీ బావి దారిలోనే సాగేవి. ఇప్పుడెక్కడ చెప్పుకుంటాం? అందుకని ఆడవాళ్లమంతా వెనక వరసల్లో చేరాం. నిన్న మాట్లాడుతున్నానని పంతులుగారు నన్ను గోడవైపు నిలబెట్టారు. ఇజ్జా నవ్వింది.

తూదా, ఒకటో తరగతి

తా.క.: పరీక్షలు దగ్గరపడ్డాయి. జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకు.