ఈసారి ముద్ద కట్టలేదు

పెద్దమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చందానగర్‌లో మీ ఇంటి పైగదిలోనే ఇంకా కిరాయికి ఉంటున్నాను.

పాల ప్రోటీన్‌తో నేను చేసే రేణువులు నీకు తెలుసు కదా. మందును లోపల దాచుకుని ఒంట్లో మెల్లగా వదలాల్సినవి, రెండేళ్లుగా ఒకదానికొకటి అతుక్కుపోతూ వచ్చాయి. ల్యాబ్ నుంచి రాగానే, "ఇయ్యాల గూడ ముద్ద కట్టినయా బిడ్డా?" అని అడిగి అన్నం పెట్టేదానివి.

ద్రావణంలో ఉప్పు ఎక్కువైతే అవి దగ్గరికి చేరుతున్నాయని తెలిసి, ఈసారి బాగా తగ్గించాను. వారం తర్వాత ఈ ఉదయం మైక్రోస్కోపులో చూస్తే దేనికది విడిగానే ఉంది. మా సార్ రెండుసార్లు చూసి, "ఇక థీసిస్ రాయడం మొదలుపెట్టమ్మా," అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో అందరూ మాదాపూర్‌లో లేస్తున్న కంప్యూటర్ మేడల గురించే మాట్లాడుకుంటున్నారు. నేను నిన్ను తలచుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి పెద్దనాయనకు చెప్పాను. ఆయన అంతా విని, "గిది అప్పుడే ఉంటే మీ పెద్దమ్మకు రోజూ షుగర్ సూది తప్పుతుండెనా?" అని అడిగాడు.

"ఇంకా శానా ఏండ్లు పడుతుంది పెద్దనాయనా. ఒంట్లోనూ ఉప్పు ఉంటుంది, అక్కడా అవి విడిగా ఉండాల."

"పట్టనీ. నువ్వు చెయ్యి," అంటూ నీ పీట నా వైపు జరిపి, తాను కాచిన పప్పుచారు వడ్డించాడు. కడుపునిండా తిన్నాను.