అత్తయ్య పెకలించిన అనెమొనీలు

కరాబురున్, మార్చి 3

గుల్‌సెరెన్ వదినకు, ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్య పడిపోయారని ఎవరో చెప్పిన మాట నమ్మకండి.

ఆవిడ పడలేదు, పెరట్లో కింద కూర్చుని, మొగ్గ తొడిగిన అనెమొనీ పూల మొక్కలను దుంపలతో సహా పెకలించారు. ఏటా ముచ్చటపడి నాటించేది తనే, ఈసారి ఉల్లిగడ్డలనుకున్నారు. నేను పరుగెత్తుకెళ్లేసరికి సగం మడి ఖాళీ. అప్పటికి అవి పూలమొక్కలని తెలిసినట్టుంది గానీ, నన్ను పోల్చుకోలేదు. "ఎవరమ్మా నువ్వు? కాస్త సాయం పట్టు, మళ్ళీ పాతేద్దాం. మా కోడలు చూస్తే బాధపడుతుంది. అసలే అలిసిపోయి ఉంది, పాపం," అన్నారు.

ఆ కోడలిని నేనేనని చెప్పలేకపోయాను. పక్కన కూర్చుని ఇద్దరం మట్టి కప్పాం. చాలావరకు వాడిపోయాయి, గోడవారన నాలుగైదు మాత్రం ఎర్రగా పూశాయి.

వదినా, నాకు ఓపిక అయిపోయింది. మీ తమ్ముడు పడవ మీద వెళ్తే వారానికి గానీ రారు. రంజాన్ పండగ దాకా ఆగకుండా వచ్చి కొన్నాళ్ళుండండి. ఆవిడకు ఉన్ని మేజోళ్ళు తెండి. అన్నయ్యగారి నడుం నొప్పి తగ్గిందా? పిల్లల కళ్ళకు నా ముద్దులు.

మీ పేరు మాత్రం ఆవిడ ఇంకా మరిచిపోలేదు. అది గుర్తుండగానే రండి.

నెరిమాన్